మైకు ఎరగని గొంతు మైకు ముందుకొచ్చాక

1992లో ఇటలీ రాక్ గాయకుడు జుకెరోకి ఒక నమూనా రికార్డింగ్ కావలసివచ్చింది. పాట పేరు ‘మిజరేరే’. సగం తాను పాడతాడు, మిగతా సగం ఒపెరా గొంతు పాడాలి. ఆ సగానికి ఒపెరా దిగ్గజం లూచానో పవరొట్టిని ఒప్పించాలని అతని ఆశ. పెద్దాయనకు వినిపించడానికి ముందుగా ఎవరో ఒక టెనర్, అంటే పై స్థాయిలో పాడే మగ గాయకుడు, ఆ భాగాన్ని పాడి పెట్టాలి. వచ్చినవాళ్లందరినీ విన్నాక జుకెరో ఎంచుకున్నది ముప్ఫై దాటిన ఒక మాజీ వకీలుని. పీసాలో లా చదివి, కొన్నాళ్లు కోర్టుకెళ్లి, పియానో బార్లలో పాడుకుంటూ వచ్చిన ఆ మనిషి ఆండ్రెయా బొచెల్లి. టేపు విన్న పవరొట్టి ఈ గొంతు ఉండగా నా అవసరమేమిటన్నాడని చెప్పుకుంటారు. చివరికి రికార్డు మీద పవరొట్టే పాడాడు. జుకెరో ఊరూరా తిరిగి ఇచ్చిన కచేరీల్లో మాత్రం ఆ భాగం బొచెల్లికి దక్కింది.

తర్వాత ముప్ఫై ఏళ్లలో బొచెల్లి అమ్మినన్ని రికార్డులు ఒపెరా గాయకుల్లో ఎవరూ అమ్మలేదనిపిస్తుంది. అసలు ఆయన్ని ఒపెరా గాయకుడు అనవచ్చా అన్న తగాదా మాత్రం ఇప్పటికీ తెగలేదు. ఆ తగాదాకు మూలం మైకు.

ఒపెరా గొంతు పుట్టింది మైకు లేని కాలంలో. పద్యనాటకాలు చూసిన మన పెద్దవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. చివరి వరుసలో నేలమీద కూర్చున్నవాడికి పద్యం చేరాలి, అక్షరం చెడకూడదు, ఆపైన రాగం తీయాలి. ఇటలీలో దీనికి తోడు ఇంకో చిక్కుంది. మన నటుడికి ఒక హార్మోనియం తోడుగా ఉంటే, టెనర్ ఎదుట డెబ్బై ఎనభై వాయిద్యాల ఆర్కెస్ట్రా మోగుతూ ఉంటుంది. దాన్ని ఒక మనిషి గొంతు ఎలా దాటుతుంది? బలంతో కాదు. అరిచినవాడు రెండో అంకానికి గొంతు పోగొట్టుకుంటాడు.

స్వీడన్‌కు చెందిన యోహాన్ సుండ్‌బెర్గ్ అనే ధ్వని శాస్త్రవేత్త 1970లలో ఈ రహస్యాన్ని కొలిచి చూపించాడు. ఆర్కెస్ట్రా శబ్దంలో బలమంతా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. శిక్షణ పొందిన మగ గాయకుడు స్వరపేటికను కిందికి దింపి, దాని పైభాగంలోని సన్నని దారిని కుదించి పాడినప్పుడు 3000 హెర్ట్జ్ దగ్గర ధ్వని ఒక్కసారిగా గుమిగూడుతుంది. వాయిద్యాలు ఖాళీగా వదిలేసిన జాగా అది. మనిషి చెవి అన్నిటికన్నా చురుగ్గా వినేదీ అక్కడే. అందుకే వందమంది వాయిస్తున్నా ఆ ఒక్క గొంతు గాలిలో తీగలా వినబడుతుంది. ఇటాలియన్లు ఆ మెరుపును స్క్విల్లో అంటారు. శాస్త్రం రాకముందే రెండు వందల ఏళ్లుగా వాళ్ల గురువులు దీన్ని చెవితో నేర్పారు.

రెండో విద్య ఊపిరి. గాలి బయటికి పోతున్నా పక్కటెముకలు వాలిపోకుండా నిలబెట్టి, కొద్దికొద్దిగా వదలడం. దీన్ని అప్పోజ్జో అంటారు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మధ్య సందు లేకుండా గొంతు జారిపోయేది దీనివల్లే.

మూడోది అన్నిటికన్నా కష్టమైంది. టెనర్ గొంతు పైకి ఎక్కుతుంటే మధ్య సి కి పైనున్న ఇ, ఎఫ్, జి స్వరాల దగ్గర ఒక మలుపు వస్తుంది. దాన్ని పసాజ్జో అంటారు. అక్కడ నోరు బాగా తెరిచి ‘ఆ’ అని అదే పట్టుతో పోతే పాట కేకగా మారుతుంది. లేదంటే గొంతు చీలుతుంది. కాబట్టి ‘ఆ’ని లోలోపల కొంచెం ‘ఓ’ వైపు వంచి, కప్పి దాటించాలి. వినేవాడికి అచ్చు మారినట్టు తెలియకూడదు. మధ్య సి కి ఒక స్థాయి పైనున్న హై సి ని మగ గొంతుతో, ఛాతీ బలంతో పాడి చూపినవాడు ఫ్రెంచి టెనర్ గిల్బెర్ డ్యూప్రే. 1837లో పారిస్‌లో, రోసీని ‘గియోం టెల్’లో. స్వరకర్త రోసీనికే అది నచ్చలేదు, కోడి గొంతు కోస్తున్నట్టుందన్నాడని ప్రతీతి. జనానికి మాత్రం నచ్చింది. ఆ రోజు నుంచి టెనర్ అంటే పై స్వరం కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూసే ఆటగా మారిపోయింది. ఇందులో కొంత సర్కస్ ఉంది. ఆ సర్కస్ లేకపోతే జనం ఉండేవాళ్లా అన్నది వేరే ప్రశ్న.

ఈ విద్యంతా నేర్చినవాళ్లు వీధి పాటలు పాడితే తప్పన్న భావన మొదట్లో లేదు. నేపుల్స్‌లో పుట్టిన ఎన్రీకో కరూసో 1902 ఏప్రిల్‌లో మిలాన్‌లోని ఒక హోటల్ గదిలో, వంద పౌండ్లకు పది పాటలు గ్రామఫోను కొమ్ములోకి పాడాడు. అప్పటి యంత్రం అడుగు స్వరాలనూ, మరీ పైవాటినీ పట్టలేకపోయేది. మధ్యలో దిట్టంగా మోగే టెనర్ గొంతు దానికి అతికినట్టు సరిపోయింది. ఆ తర్వాత కరూసో ఒపెరాతో పాటు నేపుల్స్ పాటలూ రికార్డులకెక్కించాడు. 1918లో ‘ఓవర్ దేర్’ అనే అమెరికన్ యుద్ధగీతం కూడా పాడాడు. ఎవరూ ఆయన్ని కులం తప్పినవాడనలేదు. ఎందుకంటే మర్నాడు రాత్రి మెట్రోపాలిటన్ ఒపెరాలో ఏ సాయమూ లేకుండా నిలబడి పాడేవాడూ ఆయనే.

మైకు వచ్చాక లెక్క తిరగబడింది. 1920ల చివరి నుంచి అమెరికన్ గాయకుడు బింగ్ క్రాస్బీ లాంటివాళ్లు గొంతు పెంచకుండా, చెవి దగ్గర గుసగుసలాడినట్టు పాడటం మొదలుపెట్టారు. దూరానికి చేరే బాధ్యతను తీగ తీసుకుంది. మారియో లాంజా ఈ రెండు లోకాల మధ్య నిలబడ్డ తొలి పెద్ద పేరు. ఫిలడెల్ఫియా ఇటాలియన్ కుటుంబం. 1951లో ‘ది గ్రేట్ కరూసో’ సినిమాలో కరూసోగా వేసి ప్రపంచాన్ని ఊపేశాడు. వేదిక మీద పూర్తి ఒపెరా పాడింది మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టాల్సినంతే. 1959లో, ముప్ఫై ఎనిమిదో ఏట, రోమ్‌లో పోయాడు. పండితులు పెదవి విరిచారు. కానీ ఆ సినిమాను ఆరేళ్ల వయసులో బార్సెలోనాలో చూసిన ఒక పిల్లవాడు ఇంటికెళ్లి అందులో పాటలన్నీ పాడటం మొదలుపెట్టాడు. ఆ పిల్లవాడు హోసే కరేరాస్.

1990 జూలై 7న, ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్ ముందురోజు రాత్రి, రోమ్‌లోని పాత కారకల్లా స్నానశాలల శిథిలాల్లో కరేరాస్, మరో టెనర్ డొమింగో, పవరొట్టి కలిసి పాడారు. ఆర్కెస్ట్రా నడిపింది ముంబయిలో పుట్టిన జుబిన్ మెహతా. కరేరాస్ అప్పుడే లుకేమియా నుంచి బయటపడ్డాడు. ఆరుబయలు, మైకులు, టీవీ. ‘తురందో’లోని ‘నెస్సున్ దోర్మా’ చివర స్వరకర్త పూచీని రాసిన పై స్వరం నిజానికి రెప్పపాటుది. టెనర్లు దాన్ని ఇష్టమొచ్చినంతసేపు పట్టుకుంటారు. ఆ రాత్రి ముగ్గురూ కలిసి పట్టుకున్నారు. ఒపెరా గడప ఎన్నడూ తొక్కని ఇళ్లలోకి ఆ రికార్డు పోయింది. బొచెల్లి వచ్చింది సరిగ్గా ఆ సంత మీదికే.

టస్కనీలోని లాయాతికో అనే పల్లెలో 1958లో పుట్టాడు. పుట్టుకతోనే గ్లాకోమా. పన్నెండో ఏట ఫుట్‌బాల్ ఆడుతుంటే తగిలిన దెబ్బతో ఉన్న కాస్త చూపూ పోయింది.  తర్వాత మహా టెనర్ ఫ్రాంకో కొరెల్లి దగ్గర నేర్చుకున్నాడు. 1994లో సాన్రెమో పాటల పోటీలో కొత్తవాళ్ల విభాగం గెలిచాడు. మరుసటి ఏడాది పెద్దవాళ్లలో ‘కోన్ తె పార్తిరో’ పాడి నాలుగో స్థానంలో నిలిచాడు. ఫ్రాంచెస్కో సార్తోరి బాణీ, లూచో క్వారంతొత్తో మాటలు. 1996లో శారా బ్రైట్‌మన్‌తో కలిసి అదే పాటను, జర్మన్ బాక్సర్ హెన్రీ మాస్కె వీడ్కోలు పోటీ కోసం ‘టైమ్ టు సే గుడ్‌బై’గా పాడారు. మాస్కె ఆ పోటీ ఓడిపోయాడు. పాట మాత్రం జర్మనీలో అప్పటిదాకా అత్యధికంగా అమ్ముడైన సింగిళ్లలో ఒకటైంది. 1997 నాటి ‘రొమాంజా’ ఆల్బమ్ రెండు కోట్ల ప్రతులు దాటింది.

ఆ పాటను విద్యార్థిలా వినాలి. మొదటి చరణం కింది స్థాయిలో, మైకుకు దగ్గరగా, ఊపిరి తడి తెలిసేలా సాగుతుంది. ఒపెరా గాయకుడు అలా పాడితే మూడో వరుసకు కూడా చేరదు. పల్లవి దగ్గర గొంతు తెరుచుకుంటుంది, ఛాతీ నిండుతుంది, స్క్విల్లో మెరుస్తుంది. అదే మెరుపు మైకుకు దగ్గరగా పడితే చెవిలో గుచ్చుకుంటుంది. అందుకే ఇలాంటి గాయకుడు పై స్వరానికి మైకు నుంచి వెనక్కి జరగాలి, లేదా సౌండ్ ఇంజనీరు తగ్గించాలి. గుసగుస నుంచి ఘోష దాకా ఆ దూరాన్ని ఒక్క గొంతు నాలుగు నిమిషాల్లో నడవడం, ఇదే ఈ బాణీ అసలు కొత్తదనం. క్రాస్బీకి ఆ రెండో సగం లేదు, కరూసోకి మొదటి సగం అవసరమే పడలేదు.

మరి ఒపెరా వేదిక మీద? 1998లో కాల్యారిలో ‘లా బొహేమ్’లో రొడోల్ఫోగా, 1999లో డెట్రాయిట్‌లో ‘వెర్తెర్’గా నిలబడ్డాడు. గొంతు చిన్నది, ఆర్కెస్ట్రాను దాటడం లేదు, ఊపిరి చాలడం లేదని విమర్శకులు గట్టిగానే రాశారు. ఆ మాట నాకు అన్యాయంగా తోచదు. పై స్వరాల్లో ఆయన గొంతు బిగుసుకోవడం రికార్డుల్లోనూ తెలుస్తుంది. కాకపోతే ఇంకో సంగతి కూడా చెప్పాలి. కండక్టర్ కర్ర కనబడని గాయకుడు తోటివాళ్ల ఊపిరినీ, వాయిద్యాల కదలికనూ విని లయ పట్టుకోవాలి. పూర్తి ఒపెరాను అలా మోయడం చిన్న సాహసం కాదు.

కరూసో కోట లోపలి నుంచి వీధిలోకి దిగాడు, బొచెల్లి వీధి నుంచి కోట ఎక్కబోయాడు. దిగేవాడికి దొరికే మర్యాద ఎక్కేవాడికి దొరకదు. విమర్శల్లో సగం సంగీతం గురించైతే సగం దీని గురించేనని నా అనుమానం. ఆయన్ని తారాస్థాయి స్వరాలతో తూచేవాళ్లు ఆయన దగ్గరున్న మంచి సరుకును వదిలేస్తున్నారు. మధ్య స్థాయిలో తేనె రంగు తిరిగిన ఆ గొంతు, అచ్చుల మీద జారే ఆ పాట, ప్రతి మాటా విడిగా తెలిసే ఉచ్చారణ. ఇటాలియన్‌లో మాటలు చాలావరకు మనలాగే అచ్చుతో ముగుస్తాయి, గాయకుడికి నిలవడానికి చోటుంటుంది. ఆ చోటును బొచెల్లి అంత పొదుపుగా వాడుకునేవాళ్లు తక్కువ.

వ్యాపారం గురించి ఎక్కువ చెప్పను. 1999 గ్రామీ వేడుక రిహార్సల్‌కు బొచెల్లి రాలేకపోతే, సెలిన్ డియోన్ పక్కన ఆయన భాగం పాడటానికి పదిహేడేళ్ల జాష్ గ్రోబన్‌ను నిలబెట్టారు. ఆ కుర్రాడూ లక్షల రికార్డులు అమ్మాడు. తర్వాత ఇల్ దీవో లాంటి బృందాలు అచ్చుపోసినట్టు తయారయ్యాయి. గుసగుస, ఘోష, వయొలిన్లు, మళ్లీ గుసగుస. పద్ధతి దొరికాక దాన్ని నకలు చేయడం తేలికే. 2020 ఏప్రిల్ 12న, కోవిడ్ మొదటి ఉధృతిలో, ఖాళీ మిలాన్ కెథెడ్రల్‌లో ఆర్గన్ తోడుగా బొచెల్లి పాడినప్పుడు మాత్రం ఇరవై ఎనిమిది లక్షల మంది ఒకే సమయంలో యూట్యూబ్‌లో చూశారు. అక్కడ ఎదుట దాటాల్సిన ఆర్కెస్ట్రా లేదు. ఆయనకు సరిపోయిన వేదిక అది.

సొంతంగా తేల్చుకోవాలనుకునేవాళ్లకు ఒక దారుంది. జుబిన్ మెహతా నడిపిన ‘లా బొహేమ్’లో బొచెల్లి పాడిన రికార్డు ఉంది. 1972లో కరయాన్ నడపగా పవరొట్టి పాడిన రికార్డూ ఉంది. మొదటి అంకంలో రొడోల్ఫో చల్లని చేయి పట్టుకుని పాడే పాటను రెండింటిలోనూ వరుసగా వినండి. తనెవరో చెప్పుకునే మొదటి సగంలో బొచెల్లి మాట ఎంత దగ్గరగా వస్తుందో చూడండి. పాట శిఖరానికి ఎక్కే చోట పవరొట్టి గొంతు ఎలా విచ్చుకుంటుందో, అక్కడ బొచెల్లి ఎంత ఖర్చు పెడుతున్నాడో గమనించండి. వాల్యూమ్ మాత్రం రెండింటికీ ఒకేలా ఉంచండి.