లెక్కలోంచి మోగే పియానో

స్టైన్‌వే డి పియానో పొడవు 274 సెంటీమీటర్లు, బరువు దాదాపు 480 కిలోలు. ఊరూరా కచేరీలకు దాన్ని మోసుకెళ్లడం మామూలు బృందాలకు అయ్యే పని కాదు. అందుకే కీబోర్డు వాయించేవాళ్లు పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని ప్లగిన్‌తో, అంటే వాద్యంలా మోగే సాఫ్ట్‌వేర్‌తో, పియానో పలికిస్తున్నారు. అలాంటి ప్లగిన్లలో పనితనం చూసి నేను చేతులెత్తి మొక్కేది పియానోటెక్‌కి. ఫ్రాన్స్‌లోని తులూజ్‌కు చెందిన మోడార్ట్ సంస్థ 2006లో దీన్ని విడుదల చేసింది. రూపకర్త ఫిలిప్ గియోమ్ మొదట పియానోలకు శ్రుతి చేసేవాడు, ఆ తర్వాత గణితవేత్త అయ్యాడు.

పియానో ప్లగిన్లు చాలావరకు రికార్డింగుల మీదే నడుస్తాయి. అసలు పియానో మీద ఒక్కో మెట్టునూ మెల్లగా, గట్టిగా, ఇంకా గట్టిగా వాయించి దాచుకుంటాయి. అవి పదుల గిగాబైట్లు తినేస్తాయి. పియానోటెక్‌లో స్వరాల రికార్డింగులే లేవు. సుత్తి ఎంత వేగంతో తీగను తాకింది, తీగ ఎలా కంపించింది, ఆ కంపనం కింది చెక్కపలకకు ఎలా చేరింది అన్నదంతా మెట్టు నొక్కాకే లెక్కగడుతుంది. అందుకే మొత్తం ప్రోగ్రాము 50 మెగాబైట్ల దగ్గరే ఉంటుంది.

ఆ లెక్కకు వేదిక మీద దొరికే వ్యవధి చూడండి. నాదాన్ని సెకనుకు 48,000 శాంపిళ్లుగా, ఒక్కో ముక్కకు (బఫరుకు) 128 చొప్పున పంపాలనుకుంటే, ప్రతి 2.7 మిల్లీసెకన్లకూ తర్వాతి ముక్క సిద్ధంగా ఉండాలి. ఒక్కటి ఆలస్యమైనా స్పీకర్లలో టప్పుమంటుంది. పెడల్ తొక్కి పది వేళ్లతో వాయిస్తే పాత స్వరాలు ఆగకముందే కొత్తవి వచ్చి పడతాయి. అవన్నీ ఒకేసారి లెక్కగట్టాలి.

పియానోటెక్ నిజాయితీ తెలియాలంటే మధ్య సి మెట్టును చప్పుడు రాకుండా మెల్లగా నొక్కి పట్టుకోండి. ఇప్పుడు దానికి ఒక స్థాయి కిందున్న సిని గట్టిగా కొట్టి వెంటనే వదిలేయండి. కింది స్వరం ఆగిపోయాక, ఎవరూ కొట్టని పై తీగ సన్నగా మోగుతూ ఉంటుంది. అసలు పియానోలో జరిగేది ఇదే. పెడల్ సగమే తొక్కితే తీగలు సగమే ఆగడం కూడా ఇందులో ఉంది, సగం తొక్కుడును గుర్తించే పెడల్ ఉంటే చాలు. వినేవాళ్లు వీటిని విడివిడిగా పట్టుకోలేకపోవచ్చు. వాయించేవాడి వేళ్లకు మాత్రం తెలుస్తుంది, వేళ్లకు నమ్మకం కుదిరితే పాట మారిపోతుంది.

స్టూడియోలో ఒంటరి పియానో రికార్డు చేయాలంటే మాత్రం నేను ఇప్పటికీ మంచి రికార్డింగుల ప్లగిన్ వైపే మొగ్గుతాను. మధ్య స్థాయి స్వరాల్లో అది చెక్క వాసన వేస్తుంది, పియానోటెక్ అక్కడ కాస్త గాజులా మెరుస్తుంది. డ్రమ్స్, బేస్ గిటారు తోడైన వేదిక మీద ఆ తేడా నాకు వినపడదు. మెల్లని తాకుడు నుంచి గట్టి దెబ్బ వరకు ఎక్కడా మెట్టు దిగినట్టు లేకుండా సాగే నాదమే అక్కడ ముఖ్యం, దానిలో దీన్ని మించింది నేను వినలేదు.

ట్రయల్ వెర్షన్ ఉచితం. కొన్ని మెట్లు మోగవు, 20 నిమిషాలకు ఆగిపోతుంది, అయినా పరిచయానికి చాలు. ముందుగా అందులోని వెలాసిటీ గీతను, అంటే ఎంత వేగంగా నొక్కితే ఎంత గట్టిగా మోగాలో తేల్చే అమరికను, మీ కీబోర్డు బరువుకు తగ్గట్టు సరిచేసుకోండి, ఆ తర్వాతే మంచిచెడ్డలు తేల్చండి.