వేదిక ఎక్కే దారి

కచేరీ పెట్టేవాళ్లం మైకు చూసుకుంటాం, జంపఖానా చూసుకుంటాం, గాయకుడికి ఫ్లాస్కులో వేడినీళ్లు కూడా మరిచిపోం. వేదికకి మెట్లెన్నో మాత్రం పట్టించుకోం. విద్వాంసుడు చక్రాల కుర్చీలో వచ్చిన రోజున నలుగురు కుర్రాళ్ల కోసం కేకలేస్తాం. వాళ్లు ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి పైకి చేరుస్తుంటే హాల్లో జనం చప్పట్లు కొడతారు. నాకా చప్పట్లు ఒంటికి కారం రాసినట్టుంటాయి. ఇంకా పాడనే లేదు, దేనికి కొట్టినట్టు?

ఈమధ్య హాళ్ల ముందు ర్యాంపులు కనిపిస్తున్నాయి, సంతోషం. అవి వినడానికొచ్చేవాళ్లకి. పాడేవాళ్లూ అలా రావచ్చన్న ఊహ కట్టినవాళ్లకి లేదు. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు కావాలి. మూడడుగుల వేదికకైతే 36 అడుగులు, మధ్యలో ఆగడానికి చదును. పదడుగుల చెక్క వాల్చి సరిపెడదామంటే కుర్చీ వెనక్కి జారుతుంది. చిన్న కచేరీకి అంత ఎత్తు వేదికెందుకు? అడుగెత్తు బల్లలు చాలు.

పైకి చేరాక మరో చిక్కు. మన పద్ధతిలో అందరూ నేలమీద బాసింపట్టు వేస్తారు. గాయకుడొక్కడే కుర్చీలో ఉంటే వయొలిన్, మృదంగం ఆయన మోకాళ్ల దగ్గరుంటాయి. తనియావర్తనం ముగింపులో మృదంగ విద్వాంసుడు తలెత్తి ఆయన తాళం చూడాలి. పక్కవాద్యాలకి ఆ ఎత్తున బల్లలు వేయిస్తే చూపులు కలుస్తాయి.

విజయనగరం సంగీత కళాశాల 1919లో పుట్టింది కంటిచూపు లేని ఒక కుర్రాడి సంగీతాసక్తి వల్లేనని చెబుతారు. వయొలిన్‌తో ఆ కళాశాలకి పేరు తెచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిదీ మందదృష్టే. అలాంటి చోటినుంచి వచ్చిన మనం 2016 దివ్యాంగుల హక్కుల చట్టం తర్వాత కూడా ర్యాంపుని దయగానే చూస్తున్నాం. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, సిఫార్సులు చాలవు, తప్పనిసరి ప్రమాణాలు పెట్టండని కేంద్రానికి చెప్పాల్సివచ్చింది.

వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్ల సంగతి చెప్పనే లేదు. హాలు చుట్టూ ఒక తీగ వేసి, దానికి తగిన యాంప్లిఫయర్ ద్వారా మిక్సర్‌కి కలిపితే, టీ-కాయిల్ ఉన్న యంత్రంలోకి పాట నేరుగా వస్తుంది. పక్కవాళ్ల దగ్గులు, కాఫీల కబుర్లు రావు. ఈ సదుపాయం నాకే కావాలనిపిస్తుంది అప్పుడప్పుడు.

ఇప్పుడు హాలు మాట్లాడేటప్పుడు వేదిక ఎత్తు, గ్రీన్‌రూమ్ బాత్రూమ్ తలుపు వెడల్పు అడుగుతున్నాను. “అలాంటివాళ్లు ఎవరొస్తారండీ మా హాలుకి?” అంటారు మేనేజర్లు. ఎలా వస్తారు మరి? ఆహ్వానపత్రికలో సకుటుంబ సపరివారంగా రమ్మని వేస్తాం, ర్యాంపు ఏ గేటు వైపుందో వేయం. ఈసారి ఆ లైను చేర్చాను. ఖర్చేమీ పెరగలేదు. ప్రెస్సు కుర్రాడు మాత్రం, “ఇది పొరపాటున వచ్చిందా సార్, ఉంచమంటారా?” అని ఫోన్ చేశాడు.