ఎగరడానికి డబ్బు చాలక

ఉక్కు మనిషి అంటే అమెరికా వాళ్ళకి సూపర్‌మ్యాన్. మా విశాఖ ఉక్కు కర్మాగారం కూర్మన్నపాలెం గేటు దగ్గర ఆ మాటకి అర్థం వేరు. వెండిరంగు కోటు తొడుక్కుని, కరిగిన ఉక్కు ముందు నిలబడే మనిషి. మా నాన్న అలాంటివాడే. సి షిఫ్టు దిగి పొద్దున్నే ఇంటికొచ్చి, లుంగీ కట్టుకుని పేపరు పట్టుకుంటే, ప్లాంటులో నిలబడేది ఈయనే అంటే నమ్మబుద్ధయ్యేది కాదు. సూపర్‌మ్యాన్ కథకి ప్రాణం ఆ లుంగీ దగ్గరే ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలియజెప్పింది సినిమాలు కావు, టీవీ సీరియళ్ళు.

జెర్రీ సీగెల్ రాయగా జో షుస్టర్ గీసిన ఈ వీరుడు 1938లో కామిక్ పుస్తకంలో పుట్టాడు. 1952లో ‘అడ్వెంచర్స్ ఆఫ్ సూపర్‌మ్యాన్’గా టీవీకొచ్చాడు. జార్జ్ రీవ్స్ హీరో, కెల్లాగ్స్ కంపెనీ స్పాన్సరు. 1958 దాకా 104 భాగాలు నడిచింది. మొదటి 52 భాగాలు నలుపు తెలుపు. ఎరుపు, నీలం ఆ ఫిల్మ్ మీద సరిగ్గా విడివిడిగా కనపడవు కాబట్టి రీవ్స్‌కి గోధుమ, బూడిద రంగుల్లో దుస్తులు కుట్టించారు. స్టూడియోలో ఎదురుగా చూసినవాడికి సూపర్‌మ్యాన్ వెలిసిపోయినట్టుండేవాడన్న మాట!

ఇక ఎగరడం. మొదట్లో తీగలతో వేలాడదీశారు. ఒకసారి తీగ తెగి రీవ్స్ కిందపడ్డాడు. తర్వాత పరుగెత్తుకొచ్చి, కెమెరాకి కనపడని స్ప్రింగు పలక మీద కాలేసి కిటికీలోంచి దూకడమే. గాల్లో ఉన్నప్పటి దృశ్యాలకి, ఛాతీ ఆకారంలో పోతపోసిన పళ్ళెం లాంటిదాన్ని దుస్తుల కింద పెట్టి, దాని మీద బోర్లా పడుకోబెట్టి, వెనక తెర మీద ఆకాశాన్ని కదిలించేవారు. అలా ఒకసారి తీసిన ముక్కల్నే భాగం తర్వాత భాగంలో అతికించారు. సూపర్‌మ్యాన్ క్లార్క్ కెంట్ అనే మామూలు విలేకరిగా పనిచేసే న్యూస్‌పేపర్ ఆఫీసు సెట్టు వేశాక నాలుగైదు కథల సన్నివేశాలు ఒకేసారి తీసేసేవారు. అందుకే ఆ ఆఫీసులో అతని తోటివాళ్ళు లోయిస్, జిమ్మీ ఎప్పుడు చూసినా అవే బట్టల్లో ఉంటారు.

ఇంత పొదుపులో సూపర్‌మ్యాన్ తెర మీద ఎంతసేపుంటాడు? కొన్ని నిమిషాలు. మిగతా సమయమంతా నింపాల్సింది క్లార్క్ కెంటే. దాంతో రీవ్స్ అతన్ని బిక్కమొహం గుమస్తాగా కాకుండా, నేరస్థులకి ఎదురుప్రశ్నలేసే గట్టి విలేకరిగా నటించాడు. డబ్బులేకపోవడం వల్ల పుట్టిన ఈ పద్ధతే తర్వాతి డెబ్భై ఏళ్ళకీ దారి వేసిందని నా అభిప్రాయం.

1993లో వచ్చిన ‘లోయిస్ అండ్ క్లార్క్’ పేరులో హీరో బిరుదు ఉపశీర్షికలోకి దిగిపోయింది. అది ప్రేమకథ. దాని కోసం ముందే కామిక్ పుస్తకంలో వాళ్ళిద్దరి పెళ్లి వాయిదా వేశారు. ఆ ఖాళీని నింపడానికి రచయితలు 1992లో ఏకంగా సూపర్‌మ్యాన్‌ని చంపేశారు! చివరికి 1996 అక్టోబరులో టీవీలోనూ పుస్తకంలోనూ పెళ్లయింది. పుస్తకం టీవీ కోసం ఆగడం మామూలు విషయమా?

అన్నిటికంటే మొండిగా నిలబడింది మాత్రం ‘స్మాల్‌విల్’. 2001 నుంచి 2011 దాకా పది సీజన్లు, 217 భాగాలు. ఆ ప్రసిద్ధ దుస్తులూ ఎగరడమూ వద్దని తయారుచేసినవాళ్ళు ముందే నియమం పెట్టుకున్నారు. క్లార్క్‌గా టామ్ వెల్లింగ్ పదేళ్ళూ పరుగెత్తడమే ఎక్కువ, నాలుగో సీజన్ మొదట్లో కాసేపు తప్ప చివరి భాగం వచ్చేదాకా ఎగరలేదు. ఆ దుస్తుల్ని అప్పుడు కూడా కెమెరా ఎక్కువగా దూరం నుంచే చూపించింది. లాగదీశారని విసుక్కున్న రోజులున్నాయి. కానీ లెక్స్ లూథర్ స్నేహితుడిగా మొదలై శత్రువుగా మారే తీరు నిదానంగా, భాగం భాగంగా చూపించడం రెండు గంటల సినిమాకి సాధ్యమయ్యేది కాదు. ఈ సీరియల్ కోసం పుట్టిన క్లోయీ పాత్ర తర్వాత కామిక్స్‌లోకి కూడా వెళ్ళింది.

వీరుడి కంటే మామూలు మనిషిని ముందు నిలబెట్టే ఈ కిటుకు మనకి కొత్తదేం కాదు. 1997లో దూరదర్శన్‌లో మొదలైన ‘శక్తిమాన్’లో ముకేశ్ ఖన్నా గిర్రున తిరిగే వీరుడు సరే, నాకు గుర్తున్నది ఎత్తుపళ్ళ, కళ్ళద్దాల గంగాధర్. అతను పత్రికలో ఫొటోగ్రాఫరు, పక్కన విలేకరి గీత. క్లార్క్, లోయిస్‌లకి మన వైపు చుట్టాలే. అంతకుముందే 1980లో ఎన్టీఆర్ ‘సూపర్‌మ్యాన్’ సినిమాలో హీరోకి శక్తి, అసలు సూపర్‌మ్యాన్ పుట్టిన క్రిప్టన్ గ్రహం నుంచి రాలేదు, ఆంజనేయస్వామి ఇచ్చాడు. మనకి కావాల్సిన మార్పు మనం చేసుకున్నాం, తప్పేముంది?

2021లో మొదలైన ‘సూపర్‌మ్యాన్ అండ్ లోయిస్’లో అతను ఇద్దరు కవలపిల్లల తండ్రి. ఖర్చు తగ్గించమన్నారు. నాలుగో సీజన్ పది భాగాలకి కుదించి, చాలామంది నటుల్ని పక్కన పెట్టారు. పాత కథే మళ్ళీ మొదలు. 2024 చివర్లో వచ్చిన ఆఖరి భాగంలో క్లార్క్ ముసలివాడై మామూలు మనిషిలా కన్నుమూశాడు. ఇన్ని దశాబ్దాల టీవీ సూపర్‌మ్యాన్లలో నన్ను ఏడిపించింది ఇదొక్కటే.

కొత్తగా చూడాలనుకునేవాళ్ళు 1952 నాటి తొలి సీజన్‌తో మొదలెట్టండి. రీవ్స్ ఎగిరేటప్పుడు టీ పెట్టుకోవడానికి లేచినా ఫర్వాలేదు. టోపీ పెట్టుకుని, కళ్ళద్దాలతో ఆఫీసు గదిలోకి వచ్చినప్పుడు మాత్రం కూర్చోండి.