పాత పడవ, కొత్త అల

ఇంజను లోపలే ఉండి, ప్రొపెల్లరు వెనుక అంచుకు ముందుగా పడవ అడుగున తిరిగే ఇన్‌బోర్డ్ పడవల్లో, అమెరికా సరస్సుల మీద 1980ల నుంచి మిగిలినవి చాలావరకు వాటర్ స్కీయింగ్ కోసం, వెనుక అల వీలైనంత చిన్నదిగా ఉండేలా రూపొందినవి. అటువంటి పడవ చేతనే, తాడు వదిలేసిన మనిషిని సైతం మోసుకుపోయే అలను, అంటే వేక్ సర్ఫింగ్ అలను, లేపించడం మెచ్చుకోదగిన పనితనం.

దీనికి మూలం బరువు. లీటరు నీరు కిలో తూగుతుంది కనుక, బలాస్ట్ సంచులను సరస్సు నీటితోనే పంపుతో నింపి, ఎడమ కాలు ముందుంచి నిలిచేవారి కోసం ఎడమవైపు వెనుక మూలన పెడితే, అటు ఒరిగిన పడవ గంటకు సుమారు 16 నుంచి 18 కిలోమీటర్ల వేగంతో సాగుతూ ఆ పక్కన అలను లేపుతుంది. వెనుక బరువు అలకు ఎత్తునిస్తుంది, ముందు భాగంలో చేర్చినది పొడవునిస్తుంది. కూర్చున్న ఒక్క మనిషిని పక్క సీటుకు జరిపించి అల అంచు శుభ్రపడిందో లేదో గమనించే చూపులోనే అసలు నేర్పు కనిపిస్తుంది. ఎదుటి పక్కన రబ్బరు కప్పులతో అంటించే పలక, రెండు వైపుల నీరు కలిసే చోటును వెనక్కి జరిపి అలకు నునుపు తెస్తుంది.

ఇంత బరువును లాగడానికి పిచ్ తక్కువైన, అంటే ఒక చుట్టుకు తక్కువ దూరం నెట్టే, ప్రొపెల్లరు బిగిస్తారు. పాత ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వెనుక ఉన్నవారికి ప్రాణాంతకం కాగలదు కాబట్టి, మంచి పనివాడు పొగగొట్టాన్ని నీటి అడుగుకు మళ్లించి, అడుగున చేరే నీటిని తోడే పంపును పరీక్షించాకే పడవను అప్పగిస్తాడు.