మైలతుత్తం, సున్నం, ఒక చాకు

రసాయన సమీకరణాన్ని తుల్యం చేయమంటే పదో తరగతి పిల్లలు అటూ ఇటూ పరమాణువులు లెక్కపెట్టి, తగిన అంకెలు వేసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ నేర్పు కావలసిందే. నా పేచీ అల్లా, లెక్క కుదిరితే చర్య జరిగినట్టేనన్న నమ్మకంతో. జింక్ సల్ఫేట్ ద్రావణంలో రాగి ముక్క వేస్తే జింక్, కాపర్ సల్ఫేట్ వస్తాయని రాయండి. ఒక్క అంకె వేయకుండానే లెక్క సరిపోతుంది, గ్లాసులో మాత్రం ఏమీ జరగదు. చర్యాశీలత శ్రేణిలో రాగి జింక్ కంటే కింద ఉంది మరి. ఇనుప మేకును కాపర్ సల్ఫేట్‌లో వేసే ప్రయోగం ఇంకా గమ్మత్తయినది. అక్కడ చర్య నిజంగానే జరుగుతుంది. కానీ ఫెర్రిక్ సల్ఫేట్ వస్తుందని రాసి 2, 3 అంకెలతో చక్కగా తుల్యం చేసినా సమాధానం తప్పే, ఎందుకంటే వచ్చేది ఫెర్రస్ సల్ఫేట్. ఏం వస్తుందో తేల్చుకోనివాడికి తుల్యత ఏ సాయమూ చేయదు.

దేవనకొండ, పత్తికొండ వైపు టమాటా పండే పల్లెల్లో ఈ పాఠానికి బోర్డో మిశ్రమం చాలు. 1885లో ఫ్రాన్స్‌లో మిల్లార్డె ద్రాక్ష తెగులుకు మందుగా ప్రకటించిన ఈ మిశ్రమాన్ని టమాటాలో ఆకుమాడు తెగులుకూ వాడతారు. ఒక శాతం మందుకు కిలో మైలతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. రెండూ కలిస్తే ద్వంద్వ వియోగం: నీలి అవక్షేపంగా కాపర్ హైడ్రాక్సైడ్, పక్కన కాల్షియం సల్ఫేట్. (నిజానికి ఆ అవక్షేపంలో క్షార కాపర్ సల్ఫేట్లూ ఉంటాయి, బడి లెక్కకు ఇది చాలు.) తర్వాత మెరిసే ఇనుప చాకును అందులో ముంచుతారు. దానిమీద ఎర్రటి పూత పట్టిందంటే రాగి ఇంకా ద్రావణంలో మిగిలి ఉందని అర్థం, ఇంకాస్త సున్నం కలపాలి. లేకపోతే ఆకులు మాడతాయి. ఒకే తొట్టిలో ద్వంద్వ వియోగం మందు చేస్తే, స్థానభ్రంశం దాన్ని పరీక్షిస్తుంది. ఇనుప పాత్రలో ఈ మందు కలపవద్దనేదీ అందుకే.

సమీకరణం ప్రకారం కిలో మైలతుత్తానికి దాదాపు 300 గ్రాముల తడి సున్నం చాలు కదా, కిలో ఎందుకు, ఇక ఆ లెక్కెందుకు అని ఎవరైనా అడగవచ్చు. నిల్వ ఉన్న సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి సుద్దగా మారుతుంది. పైగా సున్నం కొంచెం ఎక్కువైనా పంటకు పెద్ద చేటు లేదు, రాగి మిగిలితే ఉంది. సమీకరణం చెప్పేది కనీస పరిమాణం, ఆపైన ఎంత వేయాలో సరుకును బట్టి ఉంటుంది. శ్రేణి కూడా మోసం చేస్తుంది కదా, అల్యూమినియం ఇనుముకంటే పైన ఉండీ మైలతుత్తం నీళ్లలో చాలాసేపు కదలదే అంటారు. దాని ఒంటిమీది ఆక్సైడ్ పొర అడ్డం. చిటికెడు ఉప్పు వేస్తే పొర దెబ్బతిని రాగి బయటపడటం మొదలవుతుంది. ఊహ తప్పినప్పుడు కారణం వెతకడమూ రసాయనశాస్త్రమే.

పరీక్షలో ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి అన్న ఉపాధ్యాయుల మాట కొట్టిపారేయదగ్గది కాదు. అయితే మారాల్సింది ప్రశ్న ఒక్కటే. నాలుగు జతలిచ్చి, అందులో రెండింటికి ‘చర్య జరగదు’ అన్నదే సరైన జవాబుగా ఉంచి, కారణం ఒక్క వాక్యంలో రాయమనాలి. జరిగేవాటినే తుల్యం చేయమనాలి.