ఉచిత ప్రసారములు - ప్రకటనల వెల

చిత్తూరు జిల్లాలోని విద్యార్థి సాయంకాలము ఫోనులో భౌతికశాస్త్ర పాఠము చూడబోవును. మొదట సబ్బు ప్రకటన వచ్చును. ఐదు సెకనులు గడచినంతనే వ్రేలు ‘స్కిప్’ మీటను నొక్కును. ఇట్లు నొక్కుట తప్పా? అందరును నొక్కినచో ఉచిత ప్రసారము నిలుచునా?

ప్రకటనను తప్పించుకొనుట నేటి వింత కాదు. 1955లో అమెరికాలో జెనిత్ సంస్థ ‘ఫ్లాష్‌మాటిక్’ అను సాధనమును అమ్మెను. దాని వెలుతురును టెలివిజను మూలనున్న కాంతిఘటముపై పడవేసినచో ప్రకటన గొంతు మూగవోవును. మన దేశమున దూరదర్శన్‌లో వాణిజ్య ప్రకటనలు 1976లో మొదలైనవి. ఆ వ్యవధి గృహిణులకు పొయ్యిమీది పప్పు చూచుకొనుటకు ఉపయోగపడెను.

యూట్యూబు 2010లో ఈ అలవాటునే లెక్కలోనికి తెచ్చెను. ఐదు సెకనుల తరువాత దాటవేయవచ్చును. దాటవేసినచో ప్రకటనదారుడు డబ్బు చెల్లింపనక్కరలేదు. ఇది మెచ్చదగిన న్యాయము. చిక్కెల్ల దాటవేయరాని ప్రకటనలతోనే. వానిని నిరోధించు సాధనములు పుట్టినవి. దానికి పైయెత్తుగా కొన్ని సంస్థలు ప్రకటనను, కార్యక్రమమును సర్వరులోనే ఒకే ప్రవాహముగా కలిపి పంపుచున్నవి. నిరోధక సాధనమునకు రెంటి భేదము తెలియుట కష్టము. మనిషికి మాత్రము తెలియును. కన్ను తెరపై నుండును, మనసు ఉండదు.

ఈ ‘ఉచితము’నకు ప్రేక్షకుడును వెల చెల్లించుచున్నాడు. సెకనుకు 10 లక్షల బిట్ల చొప్పున 30 సెకనుల ప్రకటనకు 3 కోట్ల బిట్లగును. 8 బిట్లు ఒక బైటు కావున అది 37.5 లక్షల బైట్లు. అట్టివి నూరు చూచినచో 375 మెగాబైట్లు విద్యార్థి కొనుక్కొన్న డేటానుండి పోవును. ప్రకటనదారుని ఖాతాలో ఈ ఖర్చు కానరాదు.

మరియొక మార్గము తిరుపతిలోనే యున్నది. తిరుమల తిరుపతి దేవస్థానములు 2008లో ప్రారంభించిన శ్రీవేంకటేశ్వర భక్తి ఛానలు బ్రహ్మోత్సవములను ఇంటింటికి చూపుచున్నది. దానికి దేవస్థానము అండ గలదు. తెలుగులో పాఠములు తయారుచేయు చిన్న సంస్థకు అట్టి అండ లేదు. అందరును ప్రకటన దాటవేసినచో దాని దీపము కొండెక్కును.

ఐనను బలవంతము పెంచుట పరిశ్రమకు మేలు కాదు. ప్రకటన చిన్నదై, మాట మధ్యలో తెగగొట్టక, విషయము ముగిసిన చోట రావలెను. బడిపాఠముల ఖర్చును ప్రజాధనమే భరించుట న్యాయము. ఉపాధ్యాయులు పై లెక్కను తరగతిలో చేయించినచో, ఉచితమనునది ఎవరి జేబునుండి వచ్చుచున్నదో విద్యార్థులే కనుగొందురు.