‘ఆది’ అన్న పేరు, అందని నేల: గోదావరి డెల్టా దళిత సాహిత్యంలో మూలవాసి భావన

వ్యాససంగ్రహం: ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో తెలుగు దళితులు తమను ‘ఆది ఆంధ్రులు’గా ప్రకటించుకొన్నారు. మూలవాసులమన్న ఆ ప్రకటనకూ భూమి హక్కుకూ మధ్య ఏర్పడిన ఎడాన్ని కుసుమ ధర్మన్న, బోయి భీమన్నల రచనల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆది ఆంధ్ర, మూలవాసి, పాలేరుతనం, గోదావరి డెల్టా, ఏజెన్సీ భూచట్టం.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట మూలవాసి భావన చరిత్రలో 1917 రెండు విధాల గుర్తుంచుకోదగిన సంవత్సరం. ఆ ఏడాది మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల భూబదలాయింపు చట్టాన్ని తెచ్చింది. కొండజాతివారి భూమి ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేనిదే ఇతరుల పరం కారాదన్నది దాని సారాంశం. అదే ఏడాది నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. దానికి అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డివర్మ ‘పంచమ’ శబ్దాన్ని నిరాకరించారు. ఈ నేలకు తొలి వాసులు తామేనన్న అర్థంలో ‘ఆది ఆంధ్ర’ అన్న పేరును నిలబెట్టారు. 1922లో ప్రభుత్వం ఆ పేరును అంగీకరించింది.

ఒకే గోదావరి ఒడ్డున ఈ రెండు పరిణామాలు రెండు దారులు పట్టాయి. రంపచోడవరం కొండల్లో ‘ఆది’ భూమితో ముడిపడింది. మండపేట, రామచంద్రపురం, కోనసీమ పొలాల్లో అది పేరుగానే మిగిలింది.

2. అప్పు లెక్కలో పాలేరుతనం

1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టా స్వరూపాన్ని మార్చింది. కాలువ నీటితో వరి పండింది. ధాన్యం మిల్లులతో మండపేట వంటి పట్టణాలు ఎదిగాయి. నీరు పారే పొలం విలువ పెరిగిన కొద్దీ భూమి లేనివారికి అది మరింత అందరానిదయింది. దుక్కి నుంచి నూర్పు వరకు శ్రమించిన దళితుడు పాలేరుగానే ఉండిపోయాడు.

రాజమహేంద్రవరానికి చెందిన కుసుమ ధర్మన్న 1921లో రచించిన ‘మాకొద్దీ నల్లదొరతనము’ ఈ స్థితినుంచి పుట్టిన గీతం. గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’కు ఇది ప్రతిస్పందన అన్నది సుప్రసిద్ధం. విమర్శకులు దీనిని ఎక్కువగా అస్పృశ్యతా నిరసనగా చదివారు. అయితే ఇందులోని ఆర్థిక వివరం అంతే ముఖ్యమైనది. ఏళ్ల తరబడి పాలేరుతనం చేసినా అప్పు తీరని స్థితిని కవి ఎత్తిచూపాడు. అవమానాన్ని, అప్పును ఆయన వేరుచేసి చూడలేదు. పరాయి పాలన పోయినంత మాత్రాన ఈ అప్పు రద్దవుతుందా అన్న ప్రశ్నే ఆ గీతానికి బలం.

3. పొలం నుంచి బడికి

కోనసీమలోని మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో మరో పరిష్కారాన్ని చూపారు. పాలేరుగా ఉన్న దళిత బాలుడు చదువుకొని అధికారి స్థాయికి ఎదగడం ఇందులోని ఇతివృత్తం. దీనిని చూసి ఎందరో తల్లిదండ్రులు పిల్లలను పాలేరుతనం మాన్పించి బడికి పంపారని సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు. ఒక నాటకానికి ఇంతకు మించిన సామాజిక ప్రయోజనం ఉండదు.

అయినప్పటికీ ఒక ప్రశ్న మిగులుతుంది. పాలేరు పొలాన్ని విడిచివెళ్లాడు. పొలం యాజమాన్యం మారిందా? నాటకం వ్యక్తి విముక్తిని సాధించింది. అతడు వదిలిన కాడిని మరొకరు పట్టవలసిన వ్యవస్థను అది కదపలేదు. భూమి దక్కే దారి కనబడని కాలంలో చదువొక్కటే చేతికందే మార్గమయింది. కనుక దీనిని రచయిత లోపంగా కాక, ఆనాటి డెల్టా దళితుడి ముందున్న దారుల పరిమితిగా గ్రహించాలి.

భీమన్నకు 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన ‘గుడిసెలు కాలిపోతున్నై’ శీర్షికలోనే ఆ పరిమితి మళ్లీ వినిపిస్తుంది. చదువుకొన్నవాడు ఊరు దాటిన తరువాత కూడా పేటలో తాటాకు గుడిసె మిగిలింది. గుడిసె కాలడం ప్రమాదమో దాడియో కావచ్చు. అది నిలిచిన నేల ఎవరిదన్నది మాత్రం భూమి ప్రశ్నే.

4. హక్కు – పంపకం

కొండల్లోని చట్టం సైతం పూర్తి రక్షణ ఇవ్వలేదు. అందువల్లనే 1959లో కొత్త నిబంధన, 1970లో దానికి 1/70 సవరణ అవసరమయ్యాయి. అయినా అక్కడ న్యాయసూత్రం స్పష్టం: భూమి ఆదివాసిది, అన్యాక్రాంతం చెల్లదు. మైదానంలో 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం కూడా అన్యాక్రాంతాన్ని నిషేధించింది. కానీ అది రక్షించినది ప్రభుత్వం నిరుపేదలకు పంచిన భూమిని. మొదటిది మూలవాసి హక్కును గుర్తించింది. రెండవది పేదరికాన్ని గుర్తించింది. ‘ఆది ఆంధ్ర’ అన్న పేరులోని చారిత్రక వాదనకు భూచట్టంలో చోటు దొరకలేదు.

5. ముగింపు

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాలో మండపేట కూడా చేరింది. ఆ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టే ప్రతిపాదనపై మే 24న అమలాపురంలో హింస చెలరేగింది. నూరేళ్ల తరువాత కూడా ఈ డెల్టాలో పేరు చిన్న విషయం కాదని అది నిరూపించింది. పేరు గౌరవానికి సంబంధించినది; గౌరవం కోసం జరిగిన పోరాటాన్ని తక్కువ చేయరాదు. కానీ ధర్మన్న చూపిన అప్పు, భీమన్న చూపిన గుడిసె పేరుతోనే తీరేవి కావు. డెల్టా దళిత సాహిత్యాన్ని ఆత్మగౌరవ సాహిత్యంగా మాత్రమే వర్గీకరించే పరిశోధన అందులోని కూలి, అప్పు, ఇంటిస్థలం ప్రస్తావనలను నేపథ్యానికి నెట్టివేస్తుంది. వాటిని కేంద్రంలోకి తెచ్చినప్పుడే ‘ఆది’ అన్న పదం తన పూర్తి అర్థాన్ని, అంటే నేలమీది హక్కును, తిరిగి అడుగుతుంది.